పేరు పెట్టి పిలిస్తే పలకాలి

ఇప్పుడు ఒక మామూలు ఇంటి వైఫై కింద కూడా విండోస్ ల్యాప్‌టాప్, ఆఫీసు ఇచ్చిన మ్యాక్, లినక్స్ ఎక్కించిన పాత డెస్క్‌టాప్, ఒక ప్రింటర్, నాలుగు ఫోన్లు కనిపిస్తాయి. భూమికి అవతలి వైపున్న సైటు పేరు కొడితే క్షణంలో తెరుచుకుంటుంది. పక్క గదిలోని డెస్క్‌టాప్ పేరు కొడితే మాత్రం ఒక్కోసారి ‘దొరకలేదు’ అంటుంది. ఇంటర్నెట్ పేర్లకు చిట్టా ఉంది, దాన్ని రాసేవాళ్లున్నారు. ఇంట్లోని యంత్రాల పేర్లు రాసిపెట్టే గుమస్తా ఎవరూ లేరు. ఆ గుమస్తా అవసరమే లేకుండా చేసిన పద్ధతి పేరు మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్. అది అందరి ఒప్పందంగా మారడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

ఆర్పానెట్ రోజుల్లో చిట్టా అంటే నిజంగానే ఒక ఫైలు. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఎలిజబెత్ ఫైన్‌లర్ నడిపిన సమాచార కేంద్రం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటర్ పేరు చేర్చాలంటే ఆఫీసు వేళల్లో అక్కడికి ఫోన్ చేయాలి. యంత్రాలు పెరిగి ఈ పద్ధతి సాగదని తేలాక, 1983లో పాల్ మాకపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టమ్‌ను రూపొందించాడు. మనం డీఎన్‌ఎస్ అనేది దాన్నే. చిట్టాను ముక్కలు చేసి ఎవరి ముక్క వాళ్లే రాసుకునే ఏర్పాటు అది. పాత ఫైలు మాత్రం పోలేదు. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ హోస్ట్స్ అనే పేరుతో ఇప్పటికీ ఉంది. అందులో చేత్తో రాసుకున్నా పని జరుగుతుంది. కాకపోతే రౌటర్ ఇచ్చిన చిరునామా 192.168.1.7 నుంచి 192.168.1.12కు మారిన రోజున ప్రతి యంత్రంలోనూ మళ్లీ దిద్దాలి.

అదే 1983లో సైటెక్ అనే సంస్థ ఐబీఎం పీసీల నెట్‌వర్క్ కోసం నెట్‌బయోస్ తయారుచేసింది. దీనికి చిట్టాతో పనిలేదు. పెళ్లి పందిట్లో ‘రవిగారు ఎవరండీ?’ అని అందరికీ వినపడేలా అడిగితే రవి ఒక్కడే చెయ్యెత్తుతాడు కదా, అలా నడుస్తుంది. పేరుకు 16 బైట్లు. ఆ పేరు ఏ రకం సేవదో చెప్పడానికి ఒక బైటు పోగా మనకు మిగిలేవి 15. దీన్ని ఇంటర్నెట్ ప్రోటోకాల్ మీద నడిపే విధానం 1987 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1001, 1002 పత్రాల్లో ఉంది. పేరును తీగ మీదికి పంపేముందు అక్కడొక విచిత్రం జరుగుతుంది. ప్రతి బైటును రెండు సగాలు చేసి, ఒక్కో సగానికీ ఇంగ్లిష్ అక్షరాల్లో ‘ఏ’ నుంచి ‘పీ’ లోపల ఒకటి కేటాయిస్తారు. ‘ఆర్’ అనే అక్షరం ‘ఎఫ్‌సీ’ అవుతుంది, ‘ఏ’ అనేది ‘ఈబీ’ అవుతుంది. ఖాళీ జాగా ‘సీఏ’. ఇంగ్లిష్‌లో నాలుగు అక్షరాల రవి పేరు వెనక పదకొండు ఖాళీలు నింపాలి కాబట్టి, ఆ పొట్టి పేరు వెంట ‘సీఏసీఏసీఏ’ అంటూ పెద్ద తోకే వెళ్తుంది. విండోస్ యంత్రాలు ఏళ్ల తరబడి ఇలాగే ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో మొదలుపెట్టిన సాంబా ఎదిగాక యూనిక్స్, లినక్స్ యంత్రాలు కూడా ఆ పిలుపుకు పలకడం నేర్చుకున్నాయి.

ఆపిల్ దారి వేరు. 1985లో వచ్చిన లేజర్‌రైటర్ ప్రింటర్ ధర దాదాపు 7,000 డాలర్లు. అంత పెట్టి ఒక్కరి కోసం ఎవరు కొంటారు? నలుగురూ పంచుకోవాల్సిందే. అందుకే ఆపిల్‌టాక్ నెట్‌వర్క్‌లో తీగ తగిలించగానే ప్రింటర్ పేరు తెర మీద కనిపించే ఏర్పాటు చేశారు. అంకెలు కొట్టక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. తర్వాత లోకమంతా ఇంటర్నెట్ ప్రోటోకాల్‌కు మారింది. ఆ సుఖం మాత్రం అందులో లేదు. స్టువర్ట్ చెషైర్ అనే నెట్‌వర్క్ నిపుణుణ్ని కదిలించింది ఇదే. ఆపిల్‌టాక్‌లోని ఈ ఒక్క సుగుణాన్ని ఇంటర్నెట్ ప్రోటోకాల్‌లోకి తెస్తే ఆపిల్‌టాక్‌ను నిశ్చింతగా సాగనంపవచ్చని 1997లో తోటి మాకింటోష్ నెట్‌వర్క్ నిపుణులకు రాశాడు. 1999లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్‌లో ఇందుకోసం ‘జీరోకాన్ఫ్’ బృందం ఏర్పడింది. 2002లో ఆపిల్ ఈ పద్ధతిని రాండెవూ పేరుతో విడుదల చేసింది. ట్రేడ్‌మార్క్ తగాదా వచ్చి 2005లో అది బాంజూర్ అయింది.

ఈ మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ కోసం చెషైర్ బృందం కొత్త భాష కనిపెట్టలేదు. డీఎన్‌ఎస్ ప్రశ్న, జవాబుల రూపాన్ని దాదాపు ఉన్నదున్నట్టు తీసుకుని, సర్వర్‌కు బదులు 224.0.0.251 అనే గుంపు చిరునామాకు, 5353 పోర్టుకు పంపారు. ఇంటి పేర్లకు చివర ‘డాట్ లోకల్’ చేర్చారు. ఈ పొదుపే నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

యంత్రం ఆన్ చేయగానే ఏం జరుగుతుందో చూడండి. ‘రవి డాట్ లోకల్’ కావాలనుకున్న యంత్రం ముందుగా, ఆ పేరు ఎవరికైనా ఉందా అని గుంపును 250 మిల్లీసెకన్ల ఎడంతో మూడుసార్లు అడుగుతుంది. అభ్యంతరం రాకపోతే ఆ పేరు తనదని చాటుతుంది. ఎవరైనా ముందే తీసుకుని ఉంటే పట్టుబట్టదు, ‘రవి-2’ వంటి పేరు చూసుకుంటుంది. చిరునామా జవాబుకు సాధారణంగా 120 సెకన్ల ఆయువు ఉంటుంది, కాబట్టి పాత చిరునామాలు ఎక్కువసేపు పట్టుకుని వేలాడవు. పద్ధతిగా ఆపేసిన యంత్రమైతే తన జవాబును ఆయువు సున్నాతో మరోసారి పంపి మరీ వెళ్తుంది. అర్ధరాత్రి రౌటర్ చిరునామాలు మార్చినా పొద్దున్నే పేరు పనిచేస్తుంది.

లినక్స్‌లో ఈ పనిచేసే అవాహీ 2005లో వచ్చింది. మడగాస్కర్ అడవుల్లో ఉండే ఒక లీమర్ జంతువు పేరు అది. మైక్రోసాఫ్ట్ మాత్రం విడిగా ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్ అనే పద్ధతిని విండోస్ విస్టాలో పెట్టింది. దాని గుంపు చిరునామా 224.0.0.252, పోర్టు 5355. ఒక్క అంకె తేడాలో ఉండి కూడా ఈ రెండు గుంపులూ ఒకరి మాట ఒకరు వినవు. రకరకాల యంత్రాలున్న ఇళ్లు పడిన అవస్థలో పెద్ద భాగం ఈ చీలిక పుణ్యమే. రెండు సంస్థలూ ఆనాడే ఒక్క మాట మీదికి వచ్చి ఉంటే పదేళ్ల తలనొప్పి తప్పేది. 2013 ఫిబ్రవరిలో మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ ఆర్‌ఎఫ్‌సీ 6762గా ప్రమాణాల వరసలో చేరింది. విండోస్ 10 కాలానికి మైక్రోసాఫ్ట్ కూడా ఇటే వచ్చింది.

తెలుగువాళ్లకు ఇందులో ఒక కానుక కూడా ఉంది. ఇక్కడ పేర్లను యూనికోడ్‌లో, యూటీఎఫ్-8 రూపంలో రాస్తారు. ప్రింటర్ వంటి సేవ పేరుకు 63 బైట్ల దాకా జాగా ఉంది. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ‘నాన్న గది ప్రింటర్’ అని పెడితే ఖాళీలతో కలిపి 50 బైట్లు, హాయిగా సరిపోతుంది. ప్రింటర్ సెట్టింగ్స్ పేజీ ఒప్పుకుంటే అలా పెట్టి చూడండి. కంప్యూటర్ల పేర్లను మాత్రం ప్రస్తుతానికి ఇంగ్లిష్ అక్షరాల్లో, 15కు మించకుండా, ఖాళీలు లేకుండా పెట్టుకోవడం మేలు. పాత విండోస్‌కూ ఇబ్బంది ఉండదు.

‘డాట్ లోకల్’ చేర్చినా పలకకపోతే ముందు రెండు చోట్ల చూడండి. ఫైర్‌వాల్ యూడీపీ 5353ను ఆపుతోందేమో. రెండు యంత్రాల్లో ఒకటి గెస్ట్ వైఫైలో ఉందేమో. ఈ పిలుపు రౌటర్ దాటి మరో నెట్‌వర్క్‌లోకి వెళ్లదు, అలా వెళ్లకుండానే దాన్ని రాశారు. ఇంకొకటి. ఈ పద్ధతులన్నీ జవాబిచ్చిన వాళ్లను నమ్మేస్తాయి. మోసగాడు ‘రవిని నేనే’ అంటే కనిపెట్టే ఏర్పాటు మామూలుగా ఉండదు. ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్‌నూ, నెట్‌బయోస్‌నూ ఇలా వాడుకుని పాస్‌వర్డుల ఆనవాళ్లు దొంగిలించడం భద్రతా పరీక్షలు చేసేవాళ్లందరికీ తెలిసిన పాత విద్య. రైల్వే స్టేషన్లలో, హోటళ్లలో వైఫై వాడే విండోస్ ల్యాప్‌టాప్ మీ ఇంట్లో ఉంటే, ఆ పాత పద్ధతులు రెంటినీ ఈరోజే ఆపేయండి.