పోర్ట్ తెరిచినా ఫైల్ ఎందుకు రాదు?

సూరత్‌లోని లింబాయత్ వీధుల్లో తెలుగు మాట తరచూ వినిపిస్తుంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో చీరల డిజైన్లు గీసే యువకుడు ఉన్నాడనుకుందాం. సిరిసిల్లలో ఉన్న బాబాయి నేరుగా తన కంప్యూటర్ నుంచే డిజైన్లు తీసుకునేలా ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాడు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా చేశాడు. అయినా ‘పోర్ట్ మూసి ఉంది’ అనే సందేశమే వస్తోంది. డిజైన్ అందక అవతల పని ఆగిపోయింది. లోపం ఎక్కడుంది?

ఇంటి రౌటర్‌ను అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో పోల్చవచ్చు. బయటివారికి తెలిసేది అపార్ట్‌మెంట్ చిరునామా ఒక్కటే. లోపలి ఫోన్లకు, కంప్యూటర్లకు 192.168తో మొదలయ్యే సొంత నంబర్లుంటాయి. లోపలి నుంచి మనం అడిగినదానికి వచ్చిన జవాబును రౌటర్ సరైన పరికరానికి చేరుస్తుంది. ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చినదాన్ని మాత్రం గేటు దగ్గరే ఆపేస్తుంది. ‘ఫలానా పోర్ట్‌కు వచ్చినవారిని ఫలానా కంప్యూటర్‌కు పంపు’ అని వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచడమే పోర్ట్ ఫార్వర్డింగ్. పోర్ట్ నంబర్లు 0 నుంచి 65,535 వరకు ఉంటాయి.

ముందుగా ఇంట్లోని కారణాలు చూడాలి. కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఆ కంప్యూటర్‌కు వేరే నంబర్ ఇచ్చి ఉండవచ్చు. అప్పుడు పాత నియమం ఖాళీ గదికి దారి చూపుతుంది. అందుకే ఆ కంప్యూటర్‌కు ఒకే నంబర్ వచ్చేలా రౌటర్‌లో రిజర్వ్ చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో, రౌటర్‌లో ఒకే పోర్ట్ ఉందా, టీసీపీ, యూడీపీలలో సరైనదే ఎంచుకున్నామా, కంప్యూటర్ ఫైర్‌వాల్ అనుమతించిందా అన్నవి తర్వాత చూడాలి. పరీక్షించేటప్పుడు సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉండాలి. ఇంటి వైఫై మీద కాకుండా మొబైల్ డేటా మీద పరీక్షించాలి. కొన్ని రౌటర్లు ఇంట్లో నుంచి తమ బయటి చిరునామాకే వచ్చే అభ్యర్థనను వెనక్కి తిప్పలేవు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పని జరగకపోతే రౌటర్ పేజీలో వాన్ ఐపీ చూడండి. ‘నా ఐపీ ఎంత’ అని చెప్పే వెబ్‌సైట్ చూపే నంబర్‌తో పోల్చండి. రెండూ వేరైతే మీ గేటుకు బయట ఇంకో గేటు ఉన్నట్టే. వాన్ ఐపీ 192.168తో మొదలైతే ఇంట్లోనే రెండు రౌటర్లు ఒకదాని వెనుక ఒకటి ఉండవచ్చు. మొదటిదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెడితే సరిపోతుంది. అదే 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, ఆ రెండో గేటు ఇంటర్నెట్ సంస్థ దగ్గర ఉంది. దీన్ని సీజీ-నాట్ అంటారు. అక్కడి వాచ్‌మన్‌కు మనం చెప్పగలిగేదేమీ లేదు. రౌటర్‌ను ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఫలితం ఉండదు.

ఈ పరిస్థితి చిరునామాల కొరత వల్ల వచ్చింది. 1981లో ప్రామాణికమైన ఐపీవీ4 చిరునామా పొడవు 32 బిట్లు. అంటే మొత్తం సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచ కేంద్ర నిల్వలో మిగిలిన చివరి భాగాలను 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. దాంతో ఒకే చిరునామాను ఎందరో ఖాతాదారులకు సర్దడం పెరిగింది. అందుకోసమే 100.64 శ్రేణిని 2012లో కేటాయించారు.

దారులు మూడు. ఇంటర్నెట్ సంస్థను పబ్లిక్ ఐపీ అడగవచ్చు. దీనికి సాధారణంగా అదనపు రుసుము ఉంటుంది. ఇరువైపులా 128 బిట్ల ఐపీవీ6 ఉంటే రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ పోర్ట్‌ను అనుమతిస్తే చాలు. లేదా మధ్యలో రిలే సర్వర్ వాడే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. వేగం కొంత తగ్గినా పని ఆగదు.

ఒక్క జాగ్రత్త. తెరిచిన పోర్ట్ బాబాయికే కాదు, ప్రపంచమంతటికీ తెరిచినట్టే. బలమైన పాస్‌వర్డ్ పెట్టండి, సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయండి, అవసరం తీరగానే ఆ నియమాన్ని తొలగించండి.