వెలుతురుతో కణాన్ని లాగడం ఎలా?

తిరువళ్లూరులో రైలెక్కి తిరుత్తణిలో దిగి, సుబ్రహ్మణ్యస్వామి కొండ 365 మెట్లూ ఎక్కితే కాళ్లు పీకేస్తాయి. ఒంట్లో ఎర్ర రక్తకణాల అవస్థ ఇంకా ఎక్కువ. దాదాపు 8 మైక్రాన్ల కణం తనకన్నా ఇరుకైన రక్తకేశనాళికలో దూరి, సాగి, బయటపడి మళ్లీ మామూలు ఆకారానికి రావాలి.

ఎంత సాగుతుందో తెలియాలంటే దాన్ని పట్టుకోవాలి. ఏ పట్టకారుతో? లేజర్‌తో! మైక్రోస్కోప్ గుండా లేజర్‌ను ఒక్క చుక్కలోకి కుదిస్తే, కంటికి ఆనని గాజుపూస అక్కడే చిక్కుకుంటుంది. ఎందుకు? పూసలో దూరిన కాంతి వంగి దారి మారుతుంది. అందుకు ప్రతిగా పూసను చుక్క వైపు నెడుతుంది. శాస్త్రవేత్త ఆర్థర్ ఆష్కిన్ బృందం దీన్ని 1986లోనే చేసి చూపింది. నోబెల్ మాత్రం ఆయనకు 96 ఏళ్ల వయసులో, 2018లో వచ్చింది. ఎంత ఆలస్యమో!

కణానికి చెరోపక్క ఒక్కో పూస అంటించి, ఒకదాన్ని లేజర్‌తో జరిపితే కణం సాగుతుంది. మలేరియా పరాన్నజీవి చొరబడిన కణం మాత్రం బిరుసెక్కి, అంత తేలిగ్గా సాగదు.