ఆంగ్ల నామములపై క్రియారూపములు – తెలుగు విద్యార్థి చిక్కు

‘చదివెడి అలవాటు’, ‘చదివెడి శక్తి’, ‘చదివెడి అవకాశము’ – ఈ మూడింటను నామమునకు ముందు నిలుచునది ఒక్క తద్ధర్మార్థక విశేషణమే. ఆంగ్లమున క్రియ నామమునకు తరువాత వచ్చును. నామమును బట్టి దాని రూపమును మారును. ‘హ్యాబిట్ ఆఫ్ రీడింగ్’ అనవలయును. ‘ఎబిలిటీ టు రీడ్’ అనవలయును. మొదటి రూపము మన ‘చదువుట’ అను భావార్థకమునకును, రెండవది ‘చదువన్’ అను తుమర్థకమునకును సన్నిహితము. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థి ‘హ్యాబిట్ టు రీడ్’ అని వ్రాసినచో అది అశ్రద్ధ కాదు. తన భాష పాటింపని భేదమది. అయినను ఉద్యోగపు దరఖాస్తు చదువువారు ఈ కారణమును విచారింపరు. కావున బోధకుడే విచారింపవలయును.

పట్టికలు వల్లెవేయించుటకంటె అర్థమును చూపుట మేలు. ఇంకను జరుగని పనివైపు చూచు నామములు, అనగా నిర్ణయము, ప్రయత్నము, వాగ్దానము, నిరాకరణము మొదలగునవి, ప్రాయికముగా తుమర్థకమును కోరును. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమును గూర్చి ‘డెసిషన్ టు బిల్డ్’ అందుము. ‘డిసైడ్’ అను మూలక్రియకును ఇదియే పద్ధతి. అలవాటు, అనుభవము, ప్రమాదము వంటివి పనినే ఒక వస్తువుగా భావించును; వానికి ‘ఆఫ్’ చేరి ‘ఇంగ్’ రూపము వచ్చును. మూలక్రియ సర్వత్ర ప్రమాణము కాదు: ‘హోప్ టు విన్’ అను క్రియకు నామము సాధారణముగా ‘హోప్ ఆఫ్ విన్నింగ్’ అగును.

‘ఛాన్స్’ అను పదము రెండు పద్ధతులను గ్రహించును. వలసలకు పేరుపడిన పాలమూరులో ‘బొంబాయి పోయే అవకాశం ఉన్నది’ అను వాక్యమునకు రెండర్థములు గలవు. వీలు చిక్కినదనుటకు ‘ఛాన్స్ టు గో’ తగును. పోవుట సంభవమనుటకు సాధారణముగా ‘ఛాన్స్ ఆఫ్ గోయింగ్’ తగును. అనువాదకుడు ముందుగా తెలుగు వాక్యపు తాత్పర్యమును తేల్చుకొనక తప్పదు.

మఱియొక చిక్కు ‘టు’ అను పదమే. ‘రైట్ టు వోట్’ అనుచు ‘అబ్జెక్షన్ టు వోటింగ్’ అననేల? రెండవచోట ‘టు’ విభక్తివంటిది. దాని తరువాత నామము నిలుచునేమో పరీక్షింపవలయును. ‘అబ్జెక్షన్ టు ద ప్లాన్’ పొసగును. ‘ఎబిలిటీ టు ద ప్లాన్’ పొసగదు. నామము పొసగినచోట సాధారణముగా క్రియకు ‘ఇంగ్’ రూపము యుక్తము; ‘రైట్’ వంటి నామములు దీనికి మినహాయింపు.

నామమును నేర్పునప్పుడే దాని వెంటవచ్చు రూపమును, ఆ రూపమునకు గల హేతువును నేర్పినచో విద్యార్థి ఊహపై ఆధారపడ నక్కఱలేదు. ఆంగ్లపాఠము వలన తెలుగు విశేషణముల అర్థవిస్తృతియు అతనికి స్ఫుటమగును.