రచయితే ప్రచురించుకున్న ఈ-పుస్తకం – పాఠకుడి నిజమైన మాట

ఒడిశాలోని గంజాం జిల్లాలో, ముఖ్యంగా బరంపురంలో, తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ సరిహద్దు అక్కడికి దూరం కాదు; రైలెక్కితే కాసేపటికే ఇచ్ఛాపురం వస్తుంది. అయినా అక్కడి పిల్లల్లో చాలామంది ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకున్నవారే. తెలుగు ధారాళంగా మాట్లాడతారు, తెలుగు సినిమాలు చూస్తారు. పుస్తకం మాత్రం కూడబలుక్కుని చదువుతారు. అటువంటి ఒక విద్యార్థిని ఆ మధ్య మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది: "మాస్టారూ, ఫోనులో తెలుగు నవలలు బోలెడు కనిపిస్తున్నాయి. దాదాపు అన్నిటికీ అయిదు నక్షత్రాలే. అన్నీ బాగుంటే మరి నేను ఏది చదవాలి?"

ఈ ప్రశ్న బరంపురానికే పరిమితం కాదు. ఖరగ్‌పూర్‌లో, ముంబయిలో, మలేషియాలో, అమెరికాలో పెరుగుతున్న తెలుగు విద్యార్థులందరిదీ ఇదే ఇబ్బంది. కనుక రచయితలు తామే ప్రచురించుకుంటున్న కథలు, నవలల ఈ-పుస్తకాల గురించి, వాటిపై పాఠకులు చెప్పవలసిన అభిప్రాయం గురించి ఈ వ్యాసంలో కొంత వివరించదలచాం.

ఈ-పుస్తకాలు ఎన్ని రకాలు?

ఈ-పుస్తకం అన్న పేరుతో మనకు అందేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది పాత అచ్చుపుస్తకానికి పేజీ పేజీకీ తీసిన బొమ్మ. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలాది పాత తెలుగు పుస్తకాలు ఈ రూపంలోకి వచ్చాయి. రెండవది అచ్చుకోసం కూర్చిన పేజీలనే పి.డి.ఎఫ్.గా ఇవ్వడం. మూడవది యూనికోడ్ అక్షరాలలో ఉన్న పాఠం. అక్షరాన్ని పెద్దది చేసినా వరుసలు తెరకు తగినట్టు సర్దుకునేది, తెలియని మాటను పట్టుకుని నిఘంటువులో వెదకడానికి వీలైనది, యంత్రం చేత పైకి చదివించుకోగలిగేది ఈ మూడవ రకమే. లిపి తడబడే విద్యార్థికి ఇది చిన్న సౌకర్యం కాదు. ఒక పేరా తాను చదివి, అదే పేరాను విని, ఎక్కడ తప్పిందో సరిచూసుకోవచ్చు.

తెలుగు ఈ-పుస్తకాల అమ్మకానికి 2010లో మొదలైన 'కినిగె' దారి వేసింది. పుస్తకాన్ని కొనుక్కోవడమే కాక అద్దెకు తీసుకునే పద్ధతి కూడా అది పెట్టింది. 2014లో బెంగళూరులో మొదలైన 'ప్రతిలిపి' వంటి వేదికలపై రచయిత తన కథను తానే నేరుగా పెట్టుకోవచ్చు. పాఠకులు అక్కడే నక్షత్రాలు ఇస్తారు, అభిప్రాయం రాస్తారు. 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు ఆ అయిదింటిలో తెలుగు లేదు. తెలుగు ఈ-పుస్తకం ఇటువంటి సొంత ప్రయత్నాల మీదనే ఎక్కువగా ఆధారపడింది.

బరంపురానికి ఇది కొత్త కాదు

సొంతంగా ప్రచురించడం అనగానే అదేదో ఫోనుతో పుట్టిన వింత అనుకోనక్కరలేదు. 1910ల దశకంలో బరంపురం నుంచే 'వేగుచుక్క గ్రంథమాల' వెలువడింది. దేవరాజు వేంకటకృష్ణారావు గారి 'వాడే వీడు' ఆ గ్రంథమాల ద్వారా వచ్చినదే. తెలుగులో తొలి అపరాధ పరిశోధక నవలలలో దానినొకటిగా లెక్కిస్తారు. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అందులోకి వెళ్లింది. ఈనాడు తెలుగు పుస్తకాలకు దూరంగా ఉన్నామని బాధపడే ఊరే ఒకనాడు తెలుగువారికి వినోద నవలలు అందించిన ఊరు.

ఆ రోజులలో గ్రంథమాలలు చాలావరకు చందాదారుల బలం మీద నడిచేవి. చందాదారుడికి నచ్చకపోతే మరుసటి ఏడు చందా ఆగిపోతుంది. కనుక పాఠకుడి అభిప్రాయం ప్రచురణకర్తకు చేరడానికి ఒక దారి ఉండేది. మొహమాటానికి చోటు తక్కువ. ఇప్పటి ఈ-పుస్తకాలలో చాలావాటికి ధర స్వల్పం, కొన్నిటికి అసలు ధరే లేదు. నచ్చనివాడు పుస్తకం మూసి మౌనంగా వెళ్లిపోతాడు. నచ్చినవాడు, లేదా రచయితకు తెలిసినవాడు, అయిదు నక్షత్రాలు పెడతాడు. మౌనం లెక్కలోకి రాదు, మెచ్చుకోలు మాత్రమే కనిపిస్తుంది. మా విద్యార్థిని చూసిన నక్షత్రాల వెనుక ఉన్న సంగతి ఇదీ.

ఎడిటరు లేని చోట

పత్రికలో కథ అచ్చయిందంటే దానిని కనీసం ఒకరు చదివి ఎంపిక చేశారని అర్థం. ఎడిటరు కొన్నిచోట్ల కత్తిరిస్తాడు, ప్రూఫులు దిద్దేవారు అక్షరదోషాలు పట్టుకుంటారు. రచయిత తానే ప్రచురించుకున్న ఈ-పుస్తకంలో ఈ అంచెలు తరచుగా ఉండవు. అందుకు రచయితను నిందించలేం. తెలుగులో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం చాలాకాలంగా మామూలు సంగతే. అచ్చు ఖర్చు భరించలేనివారికి ఈ-పుస్తకం ఒక వరం. పెద్ద ప్రచురణకర్తలు పట్టించుకోని ఊళ్లు, వృత్తులు, కుటుంబాలు ఇందులో కథలకెక్కుతున్నాయి. రాష్ట్రం వెలుపలి తెలుగువారి జీవితం రావలసింది కూడా ఇందులోంచే. బరంపురం పట్టునేత ఇళ్లలోని తెలుగు, అమ్మవారి జాతరనాటి వీధులు, ఒడియా పద్దులు తెలుగు మాటలు కలగలిసిన దుకాణం – వీటిని అక్కడివారు రాస్తే తప్ప వేరెవరూ రాయలేరు.

కాని అంచెలు లేని లోటు ఎవరో ఒకరు తీర్చాలి. ఆ ఒకరు పాఠకుడే. ఈ-పుస్తకానికి ఉన్న గొప్ప సదుపాయం ఏమంటే, అచ్చయిపోయిన తరవాత కూడా దానిని దిద్దవచ్చు. పాఠకుడు చూపిన తప్పును రచయిత సవరించి మళ్లీ పెట్టవచ్చు. కనుక ఇక్కడ పాఠకుడి మాట తీర్పు మాత్రమే కాదు, దిద్దుబాటు కూడా.

మేము చదివినవాటిలో కనిపించినవి

గత కొన్నేళ్లలో ఇటువంటి కథలు, నవలలు చాలా చదివాం. పేర్లు చెప్పడం మా ఉద్దేశం కాదు. తరచుగా కనిపించిన లోపాలు నాలుగు.

మొదటిది, అక్షరాలకు సంబంధించినది. పాత ఫాంటులలో కూర్చిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు కొన్ని ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. మాటతో టైపు చేయించినప్పుడు 'కళ' అనవలసినచోట 'కల' వస్తుంది. తెలుగు బడిలో చదివినవాడు దీనిని కంటితోనే సరిచేసుకుని ముందుకు పోతాడు. లిపి నేర్చుకుంటున్న విద్యార్థి మాత్రం ఆ తప్పునే నేర్చుకుంటాడు. రాష్ట్రం వెలుపలి పాఠకుడికి ఇది మిగిలినవారికంటే పెద్ద నష్టం.

రెండవది, వాక్యం. "అతను ఒక మంచి హృదయాన్ని కలిగి ఉన్నాడు" వంటి వాక్యాలు విరివిగా ఎదురవుతాయి. "అతనిది మంచి మనసు" అంటే చాలదా? మాటలు తెలుగే, నడక మాత్రం తెలుగు కాదు.

మూడవది, ధారావాహికల సాగతీత. రోజుకొక భాగంగా వచ్చిన నవలలో ప్రతి భాగం చివరా ఒక ఉత్కంఠ పెట్టడం అవసరం. వాటన్నిటినీ ఒక పుస్తకంగా కూర్చినప్పుడు ఆ ఉత్కంఠలు, ముందు భాగంలోని సంగతులనే మళ్లీ చెప్పడాలు విసుగు పుట్టిస్తాయి. నూరు పేజీలకు తగిన కథ మూడు వందల పేజీలవుతుంది.

నాలుగవది, ముగింపు. ఆరంభం మీద పెట్టిన శ్రద్ధ చివర కనిపించదు. పరిశోధక నవలలలో ఇది మరీ బాధ కలిగిస్తుంది. ముందెక్కడా ప్రస్తావన లేని మనిషి చివరి అధ్యాయంలో వచ్చి నేరస్థుడవుతాడు.

వీటికి సాటిగా మెచ్చుకోవలసినదీ ఉంది. సంభాషణలు చాలా పుస్తకాలలో సజీవంగా ఉంటాయి. ఎడిటరు లేకపోవడం వల్ల యాస చెక్కుచెదరకుండా మిగలడం ఒక లాభం.

యాస వేరు, తప్పు వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 'ఏమిటి' అనవలసినచోట 'ఏటి' అని ఉంటే అది అక్షరదోషం కాదు. ఉత్తరాంధ్రలోనూ గంజాం వైపూ వినిపించే మాట. ఒడియా మాట ఒకటి సంభాషణలో దొర్లితే అదీ దోషం కాదు. వాడుక భాషకోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోదే. ఆ నేలకు చెందిన పాఠకులమై ఉండి, నలుగురూ మాట్లాడే మాటను తప్పుగా లెక్కించడం మనకు తగదు. అయితే ఒకే పాత్ర ఒక పేజీలో 'ఏటి' అని, మరుసటి పేజీలో కారణం లేకుండా గ్రాంథికంగా మాట్లాడితే అది రచయిత పొరపాటే. అది చెప్పాలి.

అభిప్రాయం ఎలా రాయాలి?

"చాలా బాగుంది, అభినందనలు" అన్నది అభిప్రాయం కాదు, పలకరింపు. "చెత్త" అన్నదీ అభిప్రాయం కాదు, విసురు. రెండింటి వల్లా రచయితకు గాని తరవాతి పాఠకుడికి గాని ఒరిగేది లేదు. అభిప్రాయం రాసేటప్పుడు ఈ కింది సంగతులు గుర్తుంచుకుంటే మేలు.

ఎంతవరకు చదివారో ముందే చెప్పండి. సగంలో ఆపితే ఆ మాటే రాయండి. ఎక్కడ ఆపారన్నది కూడా రచయితకు ఉపయోగమే. రచయిత మీకు బంధువో స్నేహితుడో అయితే, పుస్తకం ఉచితంగా అందితే, దానిని దాచకండి. కథ, భాష, అక్షరాల కూర్పు – ఈ మూడింటి గురించి విడివిడిగా రాయండి. అక్షరదోషాల కోపం కథ మీద చూపకూడదు. ప్రతి మాటకూ పుస్తకంలోంచి ఒక చోటు చూపండి. రహస్యం విప్పకండి. రచయిత చదువునూ కులాన్నీ ఊరినీ ఎత్తకండి. మీరు చదివినది పుస్తకాన్ని, మనిషిని కాదు.

కొత్త పుస్తకాన్ని తూచడానికి చేతిలో ఒక మంచి పాత పుస్తకం పడికట్టు రాయిగా ఉండాలి. ఉదాహరణకు, 1898లో బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు గారి 'అతడు–ఆమె' నవల డైరీల రూపంలో నడుస్తుంది. దానిని చదివినవారు, ఉత్తరాలుగానో డైరీలుగానో సాగే కొత్త నవల దగ్గర ఒక సరైన ప్రశ్న వేయగలుగుతారు: రాస్తున్న ఇద్దరి గొంతులూ వేరువేరుగా వినిపిస్తున్నాయా, ఒక్కరే మాట్లాడుతున్నట్టుందా?

ఒక నమూనా చూడండి. పుస్తకం మా ఊహలోదే: "నవల మొత్తం చదివాను. రచయిత నాకు తెలియదు. అత్తాకోడళ్లు అప్పడాలు ఒత్తుతూ మాట్లాడుకునే మూడవ అధ్యాయం మా ఇంట్లో విన్నట్టే ఉంది. కొడుకు ఊరు విడిచి వెళ్లడానికి కారణం మాత్రం నాకు అందలేదు. తండ్రితో గొడవ ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఏడవ అధ్యాయంలో ఒత్తులు చెదిరాయి, సవరించాలి. తెలుగు చదవడం కొత్తగా నేర్చుకుంటున్నవారు మొదటి ఆరు అధ్యాయాలూ హాయిగా చదవగలరు." ఈ ఆరేడు వాక్యాలలో రచయితకు మూడు ఉపయోగకరమైన సంగతులు, పాఠకుడికి ఒక దారి దొరికాయి. నక్షత్రాలు ఎన్ని ఇచ్చినా ఇంత చెప్పలేవు.

మా తప్పు ఒకటి

ఈ సలహాలు మేము పుట్టుకతో నేర్చినవి కావు. కొన్నేళ్ల క్రితం ఒక పరిచయస్థుడు తన నవలను ఈ-పుస్తకంగా వేసుకుని మా అభిప్రాయం అడిగాడు. మొదటి యాభై పేజీలు చదివి, మిగిలినది తిరగేసి, మొహమాటంతో నాలుగు మంచి మాటలు రాసి ఇచ్చాం. ఆ మాటలు చూసి మా విద్యార్థి ఒకడు ఆ పుస్తకం పట్టుకున్నాడు. పదిహేను రోజులు కుస్తీపట్టి, చివరికి, "తెలుగు పుస్తకాలు నాకు అర్థం కావేమోనండీ" అన్నాడు. చెదిరిన అక్షరాలు, అతకని వాక్యాలు ఆ పుస్తకం లోపం; ఆ పిల్లవాడు దానిని తన లోపం అనుకున్నాడు. ఆ తరవాత వాడిని మరో తెలుగు పుస్తకం ముందు కూర్చోబెట్టడానికి మాకు ఒక ఏడాది పట్టింది. రచయితకు కూడా మేము మేలు చేయలేదు. దిద్దుకోగలిగిన తప్పులు దిద్దుకోకుండానే అతను రెండవ నవల రాశాడు.

చుట్టూ తెలుగు ఉన్నచోట ఒక పుస్తకం నిరాశపరిస్తే పాఠకుడు పక్క పుస్తకం తీస్తాడు. తెలుగు అరుదైనచోట ఆ ఒక్క పుస్తకమే మొత్తం తెలుగుకు ప్రతినిధి అవుతుంది. అందుచేత బయటి ప్రాంతాల పాఠకులు అభిప్రాయం చెప్పడంలో మరింత నిక్కచ్చిగా, మరింత సౌమ్యంగా ఉండాలి.

మా విద్యార్థినికి మేము చెప్పిన సమాధానం ఇది: నక్షత్రాలు చూడవద్దు, ఎవరైనా పుస్తకంలోని ఒక చోటు చూపి రాసిన అభిప్రాయం ఉందేమో వెదుకు. మొదటి అధ్యాయం చదివి, విని చూడు. పూర్తిచేశాక నీ అభిప్రాయం నువ్వే రాయి, తెలుగులోనే రాయి. తప్పులు వస్తే రానీ. ఆమె రాసిన మొదటి అభిప్రాయం అయిదు వాక్యాలు. అందులో రెండు అక్షరదోషాలు. రచయిత వాటిని పట్టించుకోలేదు గాని, ఆమె చూపిన చోట తన పుస్తకాన్ని సవరించాడు.