ఇచ్చుట – పుచ్చుకొనుట : ఇంగ్లీషు తరగతిలో తెలుగు వెలుగు

పరభాష నేర్చే బాలునికి పెద్ద మాటలు పెట్టే బాధ తక్కువ. దగ్గరి మాటలు పెట్టే బాధ ఎక్కువ. పొడుగైన పదం ఎదురైతే పదిసార్లు వల్లించి కంఠస్థం చేస్తాడు. ఒకే అర్థం కలవిగా కనిపించే రెండు చిన్న మాటలు పక్కపక్కన నిలిస్తే మాత్రం ఏది ఎక్కడ వాడాలో తోచక తడబడతాడు. 'బారో', 'లెండ్' అనేవి అటువంటి జంట. ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చదివి కళాశాలకు వచ్చిన విద్యార్థి సైతం, తోటివాని కలం కావలసి వచ్చినప్పుడు 'విల్ యూ బారో మీ యువర్ పెన్?' అని అడగడం కద్దు. విన్నవారు నవ్వుతారు. నవ్వడం సులభం. ఆ తప్పు ఎందుకు వచ్చిందో చెప్పగలవారే ఉపాధ్యాయులు.

హైదరాబాదులో ఈ ప్రశ్నకు తగిన తావు వారాసిగూడ, తార్నాక ప్రాంతం. వారాసిగూడకు చేరువలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నది. 1918లో అది ఆరంభమైనప్పుడు శాస్త్రాలన్నిటికీ ఉర్దూయే బోధనభాష. ఇంగ్లీషు అందరూ చదువవలసిన ఒక పాఠ్యవిషయం. దేశభాషలో ఉన్నతవిద్య సాగించి, ఇంగ్లీషును భాషగా మాత్రమే నేర్పిన ప్రయోగం అది. ఆ ఆవరణను ఆనుకొనియే, ఇంగ్లీషు బోధించే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే ఉద్దేశంతో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థ వెలసింది. 1972లో అది విదేశీ భాషలను కూడా చేర్చుకొన్నది. 2007లో ఆంగ్ల, విదేశీ భాషల కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. ఇంగ్లీషును భారతీయ బాలబాలికలకు ఎట్లా నేర్పాలి అనే విచారణ ఆరు దశాబ్దాలకు పైగా సాగుతున్న చోటు ఇది. ఆ ప్రాంగణానికి కూతవేటు దూరంలో ఉన్న వీధిబడి తరగతిలోనూ అదే విచారణ మరొక రూపంలో జరుగుతూ ఉంటుంది.

తప్పుకు మూలం

తెలుగులో అప్పు అనే నామవాచకం ఒకటే. దానికి 'ఇచ్చు' చేరిస్తే ఒక దిక్కు, 'తీసికొను' లేక 'పుచ్చుకొను' చేరిస్తే మరొక దిక్కు. పని ఎటు నడుస్తున్నదో చెప్పే భారం క్రియది. వస్తువును చెప్పే భారం నామానిది. ఇంగ్లీషు ఈ రెండు భారాలనూ ఒకే క్రియపై వేసింది. 'లెండ్' అన్నప్పుడు అప్పూ ఉన్నది, ఇచ్చుటా ఉన్నది. 'బారో' అన్నప్పుడు అప్పూ ఉన్నది, పుచ్చుకొనుటా ఉన్నది. తెలుగు బాలుడు రెండింటిలోనూ 'అప్పు'ను గుర్తిస్తాడు, దిక్కును గుర్తించడు. నిఘంటువులో రెండు మాటలకూ 'అప్పు' అన్న అర్థమే కనబడినప్పుడు ఆ బాలుని దోషమేమి?

వారాసిగూడ వంటి పేటలో తెలుగు మాట్లాడే ఇల్లూ ఉర్దూ మాట్లాడే ఇల్లూ ఒకే గోడను పంచుకొంటాయి. ఉర్దూలోనూ ఇదే వరుస: 'ఉధార్ దేనా', 'ఉధార్ లేనా'. నామం ఒకటి, క్రియలు రెండు. కనుక ఒకే బల్లమీద కూర్చున్న ఇద్దరు పిల్లలు, మాతృభాషలు వేరైనా, ఇంగ్లీషులో ఒకే తప్పు చేస్తారు. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన జర్మను భాషలో సైతం 'లైహెన్' అనే ఒక్క క్రియ రెండర్థాలనూ మోస్తుంది. పుచ్చుకొనే అర్థం కావలసినప్పుడు సాధారణంగా 'తనకొరకు' అనే సర్వనామాన్ని దానికి తోడు చేస్తారు. కాబట్టి ఈ తడబాటును మందబుద్ధికి గుర్తుగా ఎంచరాదు. ఒక భాష చూపుతో మరొక భాషను చూచినప్పుడు సహజంగా కలిగే మసక ఇది.

'కొను' చూపే దారి

ఆ మసకను తొలగించే దీపం తెలుగులోనే ఉన్నది. చేసిన పని ఫలం కర్తకే చెందేటప్పుడు తెలుగు ధాతువుకు 'కొను' చేరుతుంది. 'వండెను' అంటే ఎవరికొరకైనా కావచ్చు. 'వండుకొనెను' అంటే తనకొరకే. తీసికొనుట, పుచ్చుకొనుట, తెచ్చుకొనుట, అడిగి పుచ్చుకొనుట: ఈ మాటలన్నిటి చివర ఉన్నది ఆ 'కొను'యే. బాలుడు తాను చెప్పదలచిన మాటను మొదట తెలుగులో అనుకోవాలి. దానిలో 'కొను' వినబడితే 'బారో'. 'ఇచ్చు' వినబడితే 'లెండ్'. 'గోపీ దగ్గర పుస్తకం అడిగి తీసుకున్నాను' అన్నప్పుడు 'బారో'. 'గోపీకి పుస్తకం చదివి ఇమ్మని ఇచ్చాను' అన్నప్పుడు 'లెండ్'. రెండవ గుర్తు కూడా ఈ వాక్యాలలోనే ఉన్నది. 'దగ్గర', 'నుండి' అన్న మాటలు 'బారో' వెంట 'ఫ్రమ్' అవుతాయి. 'కి', 'కు' అన్నవి 'లెండ్' వెంట 'టు' అవుతాయి.

ఈ కీలకం మరొక తాళాన్నీ తెరుస్తుంది. 'టీచ్', 'లెర్న్' అనే జంటలో మనకు 'నేర్పు', 'నేర్చుకొను' ఉన్నవి. అక్కడ కూడా 'కొను' ఉన్నవైపే 'లెర్న్'. ఇంగ్లండులోనే కొన్ని మాండలికాలలో 'లెర్న్' అనే మాటను నేర్పుట అనే అర్థంలో వాడేవారు. పుట్టుకతో ఆ భాష మాట్లాడేవారికే తప్పని కలయిక మన పిల్లలకు ఎట్లా తప్పుతుంది?

ప్రతి సూత్రానికీ పొలిమేర ఉంటుంది. విశ్వవిద్యాలయ విద్యార్థులు వారాసిగూడలోను, తార్నాకలోను గదులు అద్దెకు తీసికొంటారు. ఇంటివారు అద్దెకు ఇస్తారు. తెలుగులో రెండు పనులూ స్పష్టంగా వేరు. ఇంగ్లీషు మాత్రం ఇక్కడ 'రెంట్' అనే ఒక్క మాటతో రెండింటినీ సరిపెట్టుకొంటుంది. ఈ ఉదాహరణను తరగతిలో తప్పక చూపాలి. అప్పు విషయంలో విడదీసిన భాష అద్దె విషయంలో విడదీయలేదని తెలిసినప్పుడు, ఇంగ్లీషు అంతా తర్కబద్ధమనీ తన భాషయే అస్తవ్యస్తమనీ భావించే బాలుని భయం తీరుతుంది.

తెలుగు చేసే తేడాలు

అప్పు విషయంలోనే తెలుగు మరొక సూక్ష్మాన్ని పాటించింది. పెండ్లికి వెళ్ళడానికి పొరుగింటి నగ అడిగి పెట్టుకొంటే అది ఎరువు సొమ్ము. ఆ నగనే తిరిగి ఇవ్వాలి. గిద్దెడు నూనె తెచ్చుకొంటే అది బదులు. ఆ నూనె ఖర్చయిపోతుంది, అంతే కొలత మరొక నూనె ఇస్తారు. రూకలు తెస్తే అప్పు. పత్రమూ వడ్డీ లేకుండా నాలుగు రోజులకు తెస్తే చేబదులు. ఇంగ్లీషు బాలుడు వీటన్నిటికీ 'బారో' అనే అంటాడు. ఇంగ్లీషు చూచినది దిక్కును; తెలుగు చూచినది వస్తువు తిరిగివచ్చే తీరును. రెండూ చూడవలసినవే. ఎరువు, బదులు, చేబదులు అనే మాటలు నేటి పిల్లల నోట అరుదైపోతున్నవి. 'బారో' నేర్పే గంటలోనే వీటిని మరల నేర్పే అవకాశం ఉన్నది.

చూచుట, వినుట అనే జంటలకూ ఇదే మార్గం. 'సీ', 'లుక్' రెండింటికీ చూచుట అనీ, 'హియర్', 'లిజన్' రెండింటికీ వినుట అనీ చెప్పి వదలితే గందరగోళం తప్పదు. 'నాకు కనబడింది', 'నాకు వినబడింది' అన్నచోట ప్రయత్నం లేదు. దృశ్యమే, శబ్దమే మనవద్దకు వచ్చింది. అక్కడ 'సీ', 'హియర్'. 'నేను అటు చూచాను', 'నేను చెవి ఒగ్గి విన్నాను' అన్నచోట ప్రయత్నం ఉన్నది. అక్కడ 'లుక్', 'లిజన్'. 'నాకు', 'నేను' అన్న రెండు మాటలు పెద్ద వ్యాకరణగ్రంథం చేసే పనిని చేస్తున్నవి. వారాసిగూడలో కూర్చున్న బాలునికి దూరాన రైలుకూత 'వినబడుతుంది'. ఉపాధ్యాయుని పాఠం మాత్రం అతడు 'వినాలి'. ఈ తేడా తెలియని తెలుగు బిడ్డ లేడు. తెలిసిన దానికి ఇంగ్లీషు పేరు పెట్టడమే మిగిలిన పని.

అర్థంలోనే కాక ధ్వనిలోనూ ఇటువంటి చిక్కు ఉన్నది. వారాసిగూడను ఇంగ్లీషున వ్రాసేటప్పుడు 'డబ్ల్యూ'తో మొదలుపెడతారు. విశాఖపట్నాన్ని 'వీ'తో మొదలుపెడతారు. విజయవాడ పేరులో మొదటి 'వ'కారం 'వీ', రెండవది 'డబ్ల్యూ'! తెలుగువానికి ఇవి రెండూ ఒకే అక్షరం. ఇంగ్లీషులో 'వీ' పలికేటప్పుడు పైపండ్లు క్రిందిపెదవిని తాకుతాయి. 'డబ్ల్యూ' పలికేటప్పుడు పెదవులు గుండ్రమవుతాయి, పండ్లు తాకవు. చిన్న అద్దం చేతికిచ్చి పలికిస్తే పది నిమిషాలలో పట్టుబడే విషయం ఇది.

వెనుకాముందుల విచక్షణ

దగ్గరి మాటల భేదం చెప్పాలన్న ఉత్సాహంతో ఉపాధ్యాయులు మొదటిరోజే రెండింటినీ నల్లబల్లపై పక్కపక్కన వ్రాస్తారు. కలవరం తరచు అక్కడే పుడుతుంది. అర్థసామ్యం గల కొత్త పదాలను ఒకేమారు నేర్పితే అవి ఒకదానినొకటి అడ్డుకొని, నేర్వడం ఆలస్యమవుతుందని 1993లో టింకమ్, 1997లో వారింగ్ జరిపిన పరిశోధనలు తెలిపాయి. కాబట్టి మొదట 'లెండ్' ఒక్కటే నేర్పాలి. కలం, పుస్తకం, గొడుగు చేతులు మారుతూ ఉండగా వారం రోజులు దానినే పలికించాలి. అది నాలుకకు పట్టిన తరువాత, కొన్నాళ్ళ ఎడంతో 'బారో' రావాలి. రెండూ విడివిడిగా స్థిరపడిన పిమ్మటనే పక్కపక్కన నిలపాలి. అప్పుడు భేదం వెలుగుతుంది.

తరువాత ఆట తిరగవేయాలి. పరదేశం నుండి ఉస్మానియాకు చదువ వచ్చిన విద్యార్థి తెలుగు నేర్వదలిస్తే ఎక్కడ తడబడతాడో పిల్లలనే చెప్పమనాలి. అతని భాషలో 'వీ' ఒక్కటే. మనకు 'మనము' వేరు, 'మేము' వేరు. 'మనము సినిమాకు పోతున్నాము' అంటే ఎదుటివానికి పిలుపు. 'మేము పోతున్నాము' అంటే అతనిని మినహాయించుట. అతనికి 'రైస్' ఒక్కటే. మనకు పొలంలో వరి, గాదెలో వడ్లు, చేటలో బియ్యం, విస్తరిలో అన్నం. తన భాషలోని సూక్ష్మాన్ని ఒకరికి విప్పి చెప్పిన బాలుడు పరభాషలోని సూక్ష్మాన్ని గౌరవిస్తాడు; దానికి జంకడు.

మాతృభాషకు తరగతిలో చోటు

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 విద్యాసంవత్సరం నుండి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. అంతకు ముందే, 2018లో, అన్ని పాఠశాలలలోనూ తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఈ రెండు నిర్ణయాల నడుమ నిలిచినవాడు బాలుడు. ఇంగ్లీషు గంటలో తెలుగు మాట వినబడరాదనే నియమం పెట్టుకొన్న బడులు ఉన్నవి. ఇంగ్లీషు ఎక్కువగా వినిపించాలన్న కోరిక మంచిదే. తెలుగు పలికినందుకు దండించడం మాత్రం బిడ్డ చేతిలోని దీపాన్ని ఆర్పి, చీకటిలో దారి వెదకుమనడమే. రెండు వాక్యాల తెలుగుతో తీరే సందేహాన్ని ఇరవై నిమిషాల అభినయంతో తీర్చలేక, చివరకు సందేహం అడగడమే మానిన పిల్లలు ఎందరో! అడగడం మానినవాడు ఏ భాషా నేర్వలేడు.

కేంద్రీయ ఆంగ్ల సంస్థకు తొలినాళ్ళలో సంచాలకులుగా ఉన్నవారు వినాయక కృష్ణ గోకాక్. వారు ఇంగ్లీషు ఆచార్యులు. కన్నడ కవులలో అగ్రగణ్యులు. 1990 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందినవారు. తార్నాకలో ఇంగ్లీషు ఉపాధ్యాయులను తీర్చిదిద్దిన ఆ పండితుడే, అనంతరకాలంలో కర్ణాటక ప్రభుత్వం నియమించిన సంఘానికి అధ్యక్షులై, పాఠశాలలో కన్నడానికి ప్రథమభాషా స్థానం ఉండాలని 1981లో నివేదిక ఇచ్చారు. ఇంగ్లీషు లోతు ఎరిగినవారికి మాతృభాష విలువ మరింతగా తెలుస్తుందనడానికి ఇంతకన్న నిదర్శనం ఏల?

తెలుగు పండితుడూ ఇంగ్లీషు ఉపాధ్యాయుడూ ఒకే బడిలో పక్క గదులలో పాఠాలు చెబుతారు. పాఠం గూర్చి మాట్లాడుకొనడం మాత్రం అరుదు. 'కొను' అనే అనుప్రయోగం తెలుగు గంటలో చెప్పిన వారమే ఇంగ్లీషు గంటలో 'బారో' వస్తే ఎంత బాగుంటుంది! దానికి కొత్త పాఠ్యగ్రంథం అక్కరలేదు, ప్రత్యేక నిధులు అక్కరలేదు. వారానికొకసారి ఆ ఇద్దరూ పదినిమిషాలు కూర్చొని, పిల్లల వ్రాతపుస్తకాలలోని తప్పులను కలిసి చూస్తే చాలును.