వార్తల్లో పదం: రైల్‌బ్యాంకింగ్

రైళ్లు నిలిచిపోయిన మార్గమును అన్యాక్రాంతము కానీయక, పట్టాలను, స్లీపర్లను తొలగించి, పాదచారులకును సైకిలు యాత్రికులకును బాటగా నొసగుచు, మున్ముందు అవసరమైనచో రైలును పునరుద్ధరించుకొను హక్కును మాత్రము భద్రపరచు అమెరికా విధానమునకు రైల్‌బ్యాంకింగ్ అని పేరు.

ఈ పదము వెనుక ఒక భూమి తగవు గలదు. అచ్చటి రైలు కంపెనీలకు అనేక చోట్ల భూమిపై స్వామ్యము లేదు. దారిహక్కు మాత్రమే యుండెను. మార్గము పరిత్యక్తమైనదని తేలినంతనే ఆ హక్కు నశించి, భూమి ఇరుపక్కల యజమానులకు సంక్రమించి, తరతరములుగా అఖండముగా నిలిచిన దారి ముక్కచెక్కలగుచుండెను; ఒకసారి తెగినదానిని మరల కూర్చుట ఎంత దుస్సాధ్యము! 1983లో జాతీయ బాటల చట్టమునకు జరిగిన సవరణ, ఇట్లు బాటగా వాడుట పరిత్యాగము కాదని శాసించినది. భూయజమానులు వ్యాజ్యమాడగా, 1990లో సుప్రీంకోర్టు ఆ శాసనమును సమర్థించుచునే, నష్టపరిహారము కోరు దారి వారికి గలదని పలికెను. ఈ రెండవ మాట మిక్కిలి న్యాయమైనదని నా నమ్మకము.

మిస్సోరీ రాష్ట్రములోని కేటీ బాట దీనికి ప్రసిద్ధోదాహరణము. మిస్సోరీ-కాన్సాస్-టెక్సాస్ రైలు కంపెనీ ముద్దుపేరే దానికి దక్కినది. 1986లో రైళ్లాగిన ఆ మార్గము నేడు సుమారు 385 కిలోమీటర్ల పొడవున, అధికభాగము మిస్సోరీ నది వెంబడి సాగుచున్నది. బరువైన బండ్లను లాగు ఇంజనుకై ఎత్తుపల్లములు సరిచేసి పోసిన కట్ట గనుక, వృద్ధులును బాలురును ఆయాసపడక సైకిలు త్రొక్కగలరు. రోష్‌పోర్టు కడ నాటి రైలు సొరంగము నేటికిని బాటసారులను తన చల్లని నీడగుండా ఆవలికి పంపుచున్నది.