కంటిలో నిలిచే చింతగింజ

కంట్లో మందు చుక్క పడగానే రెప్పలు టపటపా కొట్టుకుంటాయి. అంతలోనే మందులో ఎక్కువ భాగం కన్నీటితో పాటు ముక్కులోకి జారిపోతుంది. కనుగుడ్డు లోపలికి చేరేది సాధారణంగా ఐదు శాతంలోపే! చుక్క వేసుకున్నాక కన్ను మూసి, ముక్కువైపు మూలను కాసేపు మెల్లగా నొక్కిపట్టమని వైద్యులు చెప్పేది అందుకే.

మోతాదు పెంచడం దీనికి మందు కాదు. వేసిన మందు అక్కడే నిలవాలి. కంటి పైనా, నోరు, ముక్కు, పేగుల లోపలా శ్లేష్మపు పొర ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకునే పదార్థంలో మందు కలిపితే పని జరుగుతుంది. 1947లోనే ట్రాగకాంత్ అనే చెట్టు బంకతో పెన్సిలిన్‌ను నోటి లోపలి పొరకు అంటించి చూశారు.

మన చింతగింజకు ఈ గుణం పుట్టుకతోనే ఉంది. దాని పప్పులోని జైలోగ్లూకాన్ అనే పిండిలాంటి పదార్థం కొమ్మలు వేసిన గొలుసులా ఉంటుంది. శ్లేష్మంలోని మ్యూసిన్ నిర్మాణమూ దాదాపు అంతే. బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టే చింతగింజల పొడి సారమే, బాగా శుద్ధి చేశాక, పొడికళ్ల చుక్కల మందుల్లోకీ చేరింది. ఎంజైముతో దాని కొమ్మల చివరి గాలక్టోజ్ అనే చక్కెరలో మూడో వంతుకు పైగా తీసేస్తే మరో విశేషం: చల్లగా ఉన్నంతసేపూ ద్రవం, ఒంటి వేడి తగలగానే జెల్. వేడికి గడ్డకట్టి, చల్లారితే కరిగే ఈ తీరు నిజంగా అబ్బురం.

ఇలా అంటుకునే మరో పదార్థం రొయ్యల తొక్కల నుంచి వస్తుంది. రొయ్యల పెంపకంలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో తొక్కలకు కొదవలేదు. వాటిలోని కైటిన్‌ను క్షారంతో ఉడికిస్తే కైటోసాన్ వస్తుంది. దాని ధనావేశం శ్లేష్మపు రుణావేశాన్ని పట్టుకుంటుంది. అయితే ఆమ్లగుణం తగ్గితే ఆ పట్టూ సడలుతుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆండ్రియాస్ బెర్న్‌కాప్ ష్నూర్క్ బృందం 1990ల చివర్లో ఇలాంటి పాలిమర్లకు గంధకమున్న థయోల్ గుంపులను తగిలించింది. అవి మ్యూసిన్‌లోని గంధకంతో గట్టి రసాయన బంధం వేసుకుంటాయి. ఆ దారిలో వచ్చిన లాక్రిమెరా అనే పొడికళ్ల మందును రోజుకు ఒక్కసారి వేసుకుంటే చాలు.

ఎంత గట్టిగా అంటినా శ్లేష్మం ఊడిపోతే మందూ దానితోనే పోతుంది. పేగుల్లో ఆ శ్లేష్మపు పొర కొన్ని గంటలకే మారిపోతుంది. కాబట్టి అతుకు బలానికి హద్దుంది. గింజ గింజకీ, తొక్క తొక్కకీ సరుకు మారుతుంది గనుక శుద్ధిలో ఏమరుపాటు పనికిరాదు. రొయ్యలు పడనివాళ్లు కైటోసాన్ ఉన్న మందు వాడేముందు ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.